కూలిన గోడకు సాక్షి ఎవరు?

వరద వచ్చిన రోజు ఆ గోడ కూలలేదు. నీళ్లు తీసిపోయి, నల్లరేగడి మీద ఎండ పడ్డాక, మూడో రోజు పొద్దున కూలింది.

దండెం మీద తడి బొంతలు ఆరేస్తున్న అవ్వకు ముందు మట్టి రాలిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే దూలం కిర్రుమంది. "అత్తమ్మా, ఇవతలికి రా!" అని కోడలు అరిచింది. పిల్లను చంకనేసుకుని అప్పటికే వాకిట్లోకి ఉరికింది. గూనపెంకులు వరసగా జారాయి. వాటి వెంబడే వెనక గోడ మొత్తం లోపలికి ఒరిగి బియ్యం డ్రమ్ము మీద, దేవుడి పటాల మీద పడింది. దుమ్ము అణిగేసరికి దర్వాజలోంచి చూస్తే అవతలి సోయా చేను కనబడింది.

అవ్వ ఏడవలేదు. "రాసుకపోయిన సారుకు ఇది ఎట్ల తెలుస్తది?" అంది.

అంతకు రెండు రోజుల ముందే అధికారులు ఇళ్లు చూసి, నష్టం రాసుకుని పోయారు. అప్పటికి గోడ నిలబడే ఉంది. అడుగున నడుము ఎత్తు దాకా తడి చార, మూల దగ్గర వేలు దూరేంత పగులు. కాగితం మీద "కచ్చా ఇల్లు, పాక్షికం" అని పడింది.

మట్టిగోడ సంగతి తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. నానిన మట్టి ఎండేటప్పుడు కుంచించుకుపోతుంది. పునాది కింది రేగడి పొంగి మళ్లీ దిగుతుంది. గోడ మొదట్లో పట్టు వదిలేస్తుంది. అందుకే నీళ్లు పోయాక కూడా వారం పది రోజుల పాటు ఇళ్లు కూలుతూనే ఉంటాయి. నష్టం రాయడం మాత్రం ఒక్క పూటలో అయిపోతుంది. ఆ పూట ఏ మాట రాస్తే దాని మీదే డబ్బు లెక్క నడుస్తుంది. 2022 నుంచి 2026 దాకా అమలయ్యేలా కేంద్రం నిర్ణయించిన విపత్తు సహాయ నిబంధనల ప్రకారం పాక్షికంగా దెబ్బతిన్న కచ్చా ఇంటికి 4,000 రూపాయలు, పక్కా ఇంటికి 6,500. అదీ కనీసం 15 శాతం దెబ్బతింటేనే. పూర్తిగా గానీ తీవ్రంగా గానీ దెబ్బతిన్నదని రాస్తే, మైదాన ప్రాంతంలో కచ్చా అయినా పక్కా అయినా 1,20,000 రూపాయలు. "పాక్షికం", "తీవ్రం" అనే రెండు మాటల మధ్య 1,16,000 రూపాయల తేడా ఉంది. నిజామాబాద్ జిల్లా బోధన్ చుట్టుపక్కల కూలి చేసుకునే ఇంట్లో అంత సొమ్ము ఒకేసారి ఎప్పుడూ చేతికి రాదు.

ఈ గాథలోని మనుషులకు పేర్లు పెట్టలేదు. ఇది ఒక్క ఇంట్లో జరిగిన కథ కూడా కాదు. వరద మునకల తర్వాత మంజీర ఒడ్డు ఊళ్లలోనూ నిజామాబాద్ వాగుల పక్కనా ఇళ్లవాళ్లకు ఎదురయ్యే చిక్కులను ఒక కుటుంబం మీదికి తెచ్చి చెబుతున్నది. చట్టాలు, తేదీలు, మొత్తాలు, నదులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లా మీద మబ్బు కుమ్మరించింది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. కామారెడ్డి దగ్గర రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. నిజాం కాలంలో కట్టిన పోచారం డ్యామ్ తన లెక్కకు మించిన వరదను మోసి నిలబడింది. పోచారం దాటిన నీళ్లు చేరేది మంజీరలోకే. మంజీర నిజాంసాగర్ దాటి బోధన్ పక్కనుంచి పారి, రెంజల్ మండలం కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మామూలు రోజుల్లో అది త్రివేణి సంగమం, పుణ్యస్నానాల రేవు. కింద శ్రీరాంసాగర్ ప్రాజెక్టు 1,091 అడుగుల నిండు మట్టానికి చేరువై, పైనుంచి గోదావరి కూడా ఉరకలేస్తే మాత్రం మంజీరకు పోయే దారి ఉండదు. నది వెనక్కి ఎగదన్నుతుంది. హంగర్గా లాంటి ఊళ్లను నీళ్లు చుట్టుముట్టేది అప్పుడే. ఆ బ్యాక్ వాటర్ ఊళ్లవాళ్లకు ఇది కొత్త కాదు. తమను వేరేచోటికి తరలించాలని వాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ వరద నాటికి తెలంగాణ పల్లెల్లో సర్పంచులు లేరు. 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు తీరిపోయి స్పెషల్ ఆఫీసర్ల పాలన నడుస్తోంది. ఎన్నికలు జరిగింది 2025 డిసెంబర్‌లో. వీఆర్వోల వ్యవస్థ 2020లోనే రద్దయింది. దాని చోట తెచ్చిన గ్రామ పాలన అధికారులకు నియామక పత్రాలు ఇచ్చింది 2025 సెప్టెంబర్ 5న, అంటే నీళ్లు వచ్చిపోయిన వారానికి. "ఈ ఇల్లు ఈమెదే, ఇందులో ఇంతమంది ఉంటరు" అని అధికారం మీద నిలబడి చెప్పే మనిషి ఊళ్లో లేని నెలలో వరద వచ్చింది. పంచాయతీ కార్యదర్శి ఒక్కడే మిగిలాడు. నల్లా నీళ్లు, దోమల మందు, చచ్చిన గొడ్లను ఎత్తించడం, అన్నీ అతని నెత్తినే.

గోడ కూలిన మర్నాడు అవ్వ ఆటో ఎక్కి మండల ఆఫీసుకు పోయింది. కిటికీ దగ్గర అడిగిన మొదటి ప్రశ్న ఇల్లు ఎట్లా కూలిందని కాదు.

"ఇల్లు ఎవరి పేరు మీదున్నదమ్మా?"

అవ్వ కవర్లోంచి ఇంటి పన్ను రసీదు తీసి ఇచ్చింది. అది మామ పేరు మీద ఉంది. మామ పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆయన పెద్దకొడుకు, అవ్వ పెనిమిటి, బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ సీజన్ కార్మికుడు. 1937లో మొదలై ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డాక చెరకు కోతలకు, రైసు మిల్లు హమాలీకి పోయాడు. నాలుగేళ్ల కింద చనిపోయాడు. కొడుకు దుబాయిలో. గ్రామకంఠంలో ఉన్న ఇల్లు కాబట్టి పట్టా లేదు, రిజిస్ట్రేషన్ లేదు. ఊరు పుట్టినప్పటినుంచి అక్కడ ఎవరికీ లేవు.

"మీ మరిది కూడా దరఖాస్తు ఇచ్చిండు. ఇల్లు మా నాయనదే, పైసలు నా అకౌంట్ల పడాలె అని. ముందు మీరిద్దరు తేల్చుకొని రాండ్రి."

ఆ మాట చెప్పిన ఉద్యోగిని తప్పుపట్టబుద్ధి కాదు. ఒకే ఇంటికి రెండు అర్జీలు వస్తే ఎవరైనా ఆగుతారు. పైగా సహాయ నిబంధనల్లోనే ఒక షరతు ఉంది: దెబ్బతిన్న ఇల్లు అధీకృత కట్టడమని సంబంధిత అధికారి ధ్రువీకరించాలి. ఊళ్లో పన్ను కడుతూ, కరెంటు మీటరు పెట్టుకుని, అదే గడపలో నలుగురికి పెళ్లిళ్లు చేసినా, ఆ షరతు ముందు నిలబడేసరికి జనం తడబడతారు. ఈ నిబంధన రాసినవాళ్ల ఉద్దేశం మోసాలను ఆపడం. పనిలో మాత్రం అది పేదవాణ్ణే ముందు ఆపుతుంది. పక్కా డాక్యుమెంటు ఉన్నవాడి ఇల్లు సాధారణంగా పక్కాగానే ఉంటుంది. వరదకు కూలేది డాక్యుమెంటు లేని ఇల్లే.

ఈ చిక్కు బోధన్‌దే కాదు. 2005లో కత్రినా తుపాను అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌ను ముంచినప్పుడు, లోయర్ నైన్త్ వార్డు అనే పేటలో నల్లజాతి కుటుంబాలు ఇదే గోడకు తల కొట్టుకున్నాయి. ఇళ్లు తాతల పేర్ల మీద ఉన్నాయి, వీలునామాలు లేవు, పునర్నిర్మాణ సాయం కావాలంటే హక్కు చూపమన్నారు. 2017లో మరియా తుపాను తర్వాత ప్యూర్టోరికోలో వేలమంది దరఖాస్తులు అదే కారణంతో వెనక్కి వచ్చాయి. అక్కడి ఉచిత న్యాయ సహాయ లాయర్లు పట్టుబట్టి, ఇల్లు తనదేనని మనిషి ప్రమాణం చేసి రాసిచ్చే పత్రాన్ని ఒప్పించారు. చివరికి 2021లో అమెరికా విపత్తు సంస్థ ఫెమా తన పద్ధతినే మార్చుకుని, వేరే రుజువులు దొరకనప్పుడు ఇంటివాళ్ల స్వీయ ధ్రువీకరణను కూడా తీసుకోవడం మొదలుపెట్టింది. ఆ మార్పు రావడానికి పదహారేళ్లు పట్టింది.

అవ్వ ఆ సాయంత్రం బోధన్ బస్టాండులో కూర్చుంది. వకీలును పెట్టుకుంటే ఎంతవుతుందో ఎవరినో అడిగింది. ఎంత తక్కువ చెప్పినా అది 4,000 కంటే ఎక్కువే.

ఊళ్లో మహిళా సంఘం పుస్తకాలు రాసే ఒకామె ఉంది. రెండేళ్లుగా న్యాయ సేవా సంస్థ తరఫున పారా లీగల్ వాలంటీర్‌గా కూడా చేస్తోంది. మర్నాడు పొద్దున ఆమే వచ్చి కూలిన గోడ ముందు నిలబడింది.

"అవ్వా, వకీలు ఫీజు గురించి నువ్వు రంది పెట్టుకోకు. వరద బాధితులకు ఫీజు లేదు."

"తెల్ల కార్డు ఉండాల్నా బిడ్డా?"

"ఏ కార్డూ అవసరం లేదు. నీ ఆదాయం ఎంతో కూడా అడగరు."

ఆ మాట నిజం. ఇది చాలామంది చదువుకున్నవాళ్లకూ తెలియదు. డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ న్యాయం అందకుండా పోకూడదని 1976లో 42వ సవరణ రాజ్యాంగంలో 39ఎ అధికరణాన్ని చేర్చింది. దాని కోసం 1987లో న్యాయ సేవా ప్రాధికార సంస్థల చట్టం చేశారు. అది 1995 నవంబర్ 9న అమల్లోకి వచ్చింది. ఆ చట్టం 12వ సెక్షన్‌లో ఎవరెవరికి ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలో వరసగా ఉంది: ఎస్సీలు, ఎస్టీలు, ఆడవాళ్లు, పిల్లలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవాళ్లు. ఆదాయ పరిమితి చివరి ఖానాలో వస్తుంది, పై వర్గాల్లో దేనికీ చెందనివాళ్ల కోసం. మధ్యలో 12(ఇ) ఉంది. తమ తప్పేమీ లేకుండా విపత్తు, వరద, కరువు, భూకంపం, కుల దాడి, పారిశ్రామిక ప్రమాదం పాలైనవాళ్లు. వాళ్ల దగ్గర డబ్బుందా లేదా అని చట్టం చూడదు. అవ్వ ఆడమనిషిగా ఒకసారి, వరద బాధితురాలిగా ఇంకోసారి అర్హురాలు. తెల్లకాగితం మీద తెలుగులో రాసినా చాలు. రాయడం రాకపోతే నోటితో చెప్తే వాలంటీరో ఆఫీసువాళ్లో రాసుకోవాలి. కోర్టు ఫీజు, నకళ్ల ఖర్చు, నోటీసుల ఖర్చు సంస్థే పెట్టుకుంటుంది. సంస్థ జాబితాలోంచి ఇచ్చే ప్యానెల్ లాయర్ కక్షిదారు దగ్గర రూపాయి తీసుకోకూడదు. దేశమంతటికీ ఒకే ఫోన్ నంబరు, 15100.

వాలంటీర్ మొదట చేసింది దరఖాస్తు రాయడం కాదు. ఫోన్ తీసి, కూలిన గోడను నాలుగు మూలల నుంచి ఫోటోలు తీసింది. నిలబడి ఉన్న పక్క గోడ దగ్గరికి వంగి, తడి చార ఎంత ఎత్తుందో కొలిచే టేపు పట్టి ఇంకోటి తీసింది. పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఓటరు కార్డు వరండాలో చాప మీద పరిచింది. రేకు పెట్టె అడుగున, అవ్వ పెనిమిటి ఫ్యాక్టరీ ప్రావిడెంట్ ఫండ్ చీటీ దొరికింది. అంచులు నాని ముద్దయినా ఇంటి నంబరు చదవడానికి వస్తోంది. ఆమె దాన్ని ఆరబెట్టమని పళ్లెం కింద పెట్టించింది.

"ఇదెందుకు బిడ్డా, కంపెనీయే లేకపాయె."

"ఈ ఇంట్ల మీరు ఎన్నేండ్ల సంది ఉంటున్నరో చెప్పేది ఇదే అవ్వా."

ఇలాంటి సాయం ఎవరి పుణ్యాన మొదలైందో ఇక్కడ చెప్పుకోవాలి. అందులో హైదరాబాద్‌కు కూడా చుట్టరికం ఉంది. 2001 జనవరి 26న భూకంపం గుజరాత్‌లోని కచ్‌ను నేలమట్టం చేసింది. ఇళ్ల నష్టాన్ని వర్గాలుగా విడగొట్టి పరిహారం పంచారు. ఎవరి ఇంటిని ఏ వర్గంలో వేశారన్న దాని మీద ఊరూరా గొడవలు. అప్పుడు గుజరాత్ హైకోర్టులో వేసిన ఒక వ్యాజ్యం బిపిన్‌చంద్ర జె. దివాన్ పేరు మీద ఉంది. ఆయన ఆ హైకోర్టుకే ప్రధాన న్యాయమూర్తిగా చేసి రిటైరైన మనిషి. అంతకుముందు, ఎమర్జెన్సీ రోజుల్లో బదిలీపై వచ్చి 1976-77లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగానూ కూర్చున్నారు. ఆ వ్యాజ్యంలో హైకోర్టు, బాధితుల ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ బాధ్యతను జిల్లా న్యాయ వ్యవస్థకే, న్యాయ సేవా సంస్థల ద్వారా అప్పగించింది. నష్టం రాసిన ఆఫీసుకే మళ్లీ పోయి మొరపెట్టుకునే అవస్థ తప్పింది. వినడానికి ఇంకో మనిషి, ఇంకో గుమ్మం దొరికింది.

2010లో జాతీయ న్యాయ సేవా ప్రాధికార సంస్థ విపత్తు బాధితుల కోసం ప్రత్యేకంగా ఒక పథకం తెచ్చింది. అందులో రాసినవి చదివితే ఎవరో పునరావాస శిబిరంలో కొన్నాళ్లు పడుకుని రాశారా అనిపిస్తుంది. శిబిరాల్లోనే హక్కుల గురించి చెప్పాలి. అక్కడే న్యాయ సహాయ కేంద్రం తెరవాలి. పోయిన విలువైన పత్రాలను తిరిగి సంపాదించి పెట్టాలి. బీమా చిక్కులు, బ్యాంకు అప్పులు చూడాలి. సాయం పంపిణీ సరిగ్గా జరుగుతోందో లేదో కనిపెట్టాలి. కోవిడ్ మృతుల కుటుంబాలకు 50,000 రూపాయల పరిహారం సరిగా అందడం లేదని 2022లో సుప్రీంకోర్టు గమనించినప్పుడు కూడా, ఇంటింటికీ పోయి బాధితులను కలవమని ఈ న్యాయ సేవా సంస్థలనే కదిలించింది.

లోటు ఒక్కటే. పథకం శిబిరంలోకి రమ్మంటోంది. చాలాసార్లు సాయం కోర్టు ఆవరణలోని గదిలో ఎదురుచూస్తూ ఉండిపోతుంది. బోధన్ మండల న్యాయ సేవా కమిటీ బోర్డు కోర్టుకు పోయినవాళ్లకే కనబడుతుంది. కోర్టు మెట్లంటేనే భయపడే మనిషి దాన్ని ఎప్పుడు చూడాలి? నష్టం రాసే బృందం ఊళ్లోకి దిగే రోజే, ఆ బృందంతో పాటు ఒక వాలంటీర్ ఉండాలి. అవ్వ విషయంలో ఆ ఒక్కటీ జరిగి ఉంటే, మూలన పగులును చూపించి "ఇది రేపో మాపో పోతది, రాసుకోండ్రి" అని చెప్పే గొంతు ఆ రోజే ఉండేది.

అవ్వకు సంస్థ ఇచ్చిన ప్యానెల్ లాయర్ చిన్న వయసు అమ్మాయి. మొదట అడిగింది మరిది గురించే.

"ఆయనకు నిజంగ ఇల్లు కావాల్నా అమ్మా, పైసలు కావాల్నా?"

అవ్వకు ఆ సంగతి తోచనే లేదు. మరిది నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోసే హమాలీ. వాగు ఒడ్డున రెండు గదులు వేసుకున్నాడు. అదే వానకు అతని ఇల్లూ మునిగింది. పర్మిషన్ లేని ఇల్లు కాబట్టి పేరు లిస్టులోకి ఎక్కలేదు. అతనికి ఊళ్లో ఇంటి జాగా కావాలి. సొంత జాగా చూపిస్తే ఇందిరమ్మ ఇంటి పథకంలో 5 లక్షలు వస్తాయని ఆశ. అందుకే నాయన ఇంటి మీద అర్జీ పెట్టాడు.

లాయర్ ఇద్దరికీ చట్టం ఒకే తీరుగా చెప్పింది. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోయిన తండ్రి ఇంటిలో ఇద్దరు కొడుకులకూ సమాన హక్కు. పెద్దకొడుకు పోయాడు కాబట్టి అతని వాటా భార్యకూ కొడుకుకూ. వదినను గెంటేయడం మరిదికి చేతకాదు, మరిదికి ఏమీ లేదనడం వదినకు కుదరదు. ఇక సహాయం సొమ్ము వేరు సంగతి. అది ఇంటి వాటా కాదు, ఆ ఇంట్లో ఉండి నిలువనీడ పోగొట్టుకున్నవాళ్లకు ఇచ్చేది.

కేసు వేయకుండానే, లోక్ అదాలత్ ముందు రాజీకి పెట్టారు. మొదటి తేదీన కుదరలేదు. దుబాయిలో ఉన్న కొడుకు కూడా వారసుడే కదా, అతని ఒప్పుకోలు కావాలి. వీడియో కాల్‌లో "అమ్మ ఎట్లంటే అట్ల" అన్నాడు గానీ, మాట చాలదు. భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ రావాలి. సెలవు చూసుకుని కొడుకు ఎక్కడెక్కడో తిరిగి అది పంపేసరికి పత్తి తీతలు మొదలయ్యాయి.

రెండో తేదీన వదినా మరుదులు ఒకే బెంచీకి చెరో చివర కూర్చున్నారు. పెద్దగా మాటలు జరగలేదు. జాగా పొడవు, వెడల్పు రాసుకున్నారు. బాయి ఎటు పోవాలన్న దగ్గర మాట గట్టిగా ఆగింది.

"బాయి ఇద్దరిదీ అని రాయుండ్రి మేడం," అంది అవ్వ.

మరిది తల వంచుకున్నాడు. "వదినా, నువ్వుండే దిక్కు ఇల్లు నువ్వే ఉంచుకో. గోడ పైసలు నాకొద్దు. నా పిల్లలకు ఇంత జాగా ఉంటే చాలు."

ఇద్దరూ దస్కత్ పెట్టారు. లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు ఉండదు. ఏ గొడవ చూపి మండల ఆఫీసు ఆ అర్జీని పక్కన పెట్టిందో, ఆ గొడవ అక్కడితో పోయింది.

తర్వాత లాయర్ రాసిన విజ్ఞాపనలో గొప్ప మాటలేవీ లేవు. ఫలానా రోజున చూశారు, ఫలానా రోజున కూలింది, ఇవీ ఫోటోలు, ఇదీ పంచాయతీ కార్యదర్శి పంచనామా, కనుక మళ్లీ వచ్చి చూడండి. అంతే. బియ్యం, టీవీ కూడా పోయాయని రాయిద్దామని పక్కింటివాళ్లు అన్నప్పుడు వాలంటీర్ వద్దంది. విపత్తు నిర్వహణ చట్టం 52వ సెక్షన్ ప్రకారం తప్పుడు నష్టం చెప్పి సాయం పొందడానికి చూస్తే రెండేళ్ల దాకా జైలు. ఉన్నది ఉన్నట్టు రాస్తేనే అర్జీకి బలం.

ఇంజినీరు వచ్చి చూశాడు. టేపు పట్టాడు. ఈసారి "తీవ్రం" అని రాసుకున్నాడు. సొమ్ము అవ్వ ఖాతాలో పడింది. మట్టి కాదని, సిమెంటు ఇటుకలతో వెనక గోడ లేపించింది.

కథ ఇక్కడ ముగిస్తే మరిదికి అన్యాయం చేసినట్టవుతుంది. అతని చిక్కు ఇంతకంటే గట్టిది. రాజీకి రావడానికి ఎదుట మనిషి లేడు, ఉన్నది ప్రభుత్వ నిర్ణయం. విపత్తు నిర్వహణ చట్టం 71వ సెక్షన్, ఆ చట్టం కింద అధికారులు చేసిన పనుల మీద హైకోర్టూ సుప్రీంకోర్టూ తప్ప ఇంకే కోర్టూ దావా వినకూడదంటుంది. బోధన్‌లోనో నిజామాబాద్‌లోనో కేసు వేయడానికి లేదు. హైదరాబాద్ పోవాలి. హమాలీ కూలి మీద బతికేవాడు హైకోర్టులో రిట్ వేయడమనేది వినడానికే వింతగా ఉంటుంది. దానికీ దారి ఉంది. హైకోర్టులోనూ న్యాయ సేవా కమిటీ ఉంటుంది, జిల్లా సంస్థ ద్వారానే దానికి కాగితాలు పంపవచ్చు. పర్మిషన్ లేని ఇంటికి ఇంటి సాయం వస్తుందో రాదో వాదించి తేల్చుకోవలసిందే. రెండు రోజులకు మించి ఇల్లు నీళ్లలో నానిన కుటుంబానికి బట్టలకు 2,500, సామానుకు 2,500 ఇమ్మని అవే నిబంధనల్లో ఉంది. ఇల్లు ఎవరి పేరున ఉంటేనేం, తడిసిన బట్టలకు పర్మిషన్ అడగడం ధర్మం కాదు.

నిజామాబాద్ జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవా సంస్థ ఆఫీసుకు మరిదిని వెంటబెట్టుకుని పోయింది అవ్వే. అతను గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"నేను మొగోణ్ణి, నాకు ఫ్రీగ ఎందుకిస్తరు వదినా? తెల్ల కార్డు గుడ నీళ్లల్ల పాయె."

"నువ్వు లోపలికి నడువు తమ్మీ."

బల్ల అవతలి అమ్మాయి ఫారం తీసి పేరు రాసుకుంది. ఊరు రాసుకుంది. పెన్ను తర్వాతి గడి మీద పెట్టి, "సంవత్సరానికి ఆదాయం ఎంత వస్తది?" అని అడిగింది.

మరిది నోరు తెరిచేలోపు అవ్వ అందుకుంది. "వరదల మునిగినోళ్లను అది అడగొద్దంట గద మేడం?"

ఆ అమ్మాయి తలెత్తి చూసింది. ఆదాయం గడిని వదిలేసి, పక్కన 12(ఇ) అని రాసి, "నీళ్లు ఎన్ని రోజులున్నయి మీ ఇంట్ల?" అని అడిగింది.